కోర్స్ ఎర్రర్‌ని తిట్టే ముందు

వెబ్ ప్రాజెక్ట్ చేసిన ప్రతి ఒక్కరికీ ఆ ఎర్ర అక్షరాలు తెలుసు. ఫ్రంటెండ్ ఒక పోర్ట్‌లో, బ్యాకెండ్ ఇంకో పోర్ట్‌లో పెట్టి, ఫెచ్ రాసి, రన్ చేసి, కన్సోల్ తెరిస్తే "బ్లాక్డ్ బై కోర్స్ పాలసీ". వెంటనే క్లాస్ గ్రూప్‌లో మెసేజ్ పడుతుంది. రెండు నిమిషాల్లో వైద్యాలు మొదలు. ఒకడు ఎక్స్‌టెన్షన్ లింక్ పంపుతాడు. ఇంకొకడు "నో-కోర్స్ మోడ్ పెట్టు" అంటాడు. సీనియర్ ఎవరో వచ్చి "బ్యాకెండ్‌లో స్టార్ పెట్టెయ్, అయిపోతుంది" అని తేల్చేస్తారు. అయిపోతుంది కూడా. అది ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ అడగరు.

ఈ కోర్స్ మన సిలబస్‌లో కోర్స్ కాదు లెండి. క్రాస్-ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్ అనే పొడుగు పేరుకి పొట్టి పేరు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ ఎర్రర్‌ని మనం దోమలా చూస్తున్నాం, కొట్టేస్తే సరిపోతుందని. నిజానికి అది తలుపు గొళ్ళెం. ఆ గొళ్ళెం ఉన్నది మన సైట్ వాడే వాళ్ళ ఇంటికి. లోపల ఏముందో చూడకుండా గొళ్ళెం తీసే అలవాటు మనకి కాలేజీలోనే పడుతోంది. రేపు మనం రాసే సైట్లలో నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు, మార్కులు, డబ్బు లెక్కలు ఉంటాయి. అందుకే ఈ గొడవ గురించి రాస్తున్నాను.

ఆగింది రిక్వెస్ట్ కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. "కోర్స్ నా రిక్వెస్ట్‌ని ఆపేసింది" అని అందరం అంటాం. మామూలు గెట్ రిక్వెస్ట్ అయితే అది తప్పు. కావాలంటే ఎర్రర్ వచ్చినప్పుడు బ్యాకెండ్ టెర్మినల్ వైపు చూడండి. రిక్వెస్ట్ వచ్చినట్టు, 200 అని జవాబు వెళ్ళినట్టు లాగ్ ఉంటుంది. సర్వర్ తన పని తాను చేసింది. జవాబు నెట్‌వర్క్ దాటి మీ కంప్యూటర్ దాకా వచ్చింది కూడా. బ్రౌజర్ దాన్ని తీసుకుని, మీ జావాస్క్రిప్ట్ చేతికి ఇవ్వకుండా ఆపింది. అంతే. ఆగింది చదవడం.

ఎందుకలా? ఒక పోలిక చెప్తాను. ఇంటికి ఒక చుట్టం వచ్చాడు, ఎవరో దూరపు చుట్టం. వచ్చి కూర్చుని, "బాబాయ్, మీ బ్యాంకుకెళ్ళి ఖాతాలో ఎంతుందో రాయించుకు రండి" అన్నాడు. బాబాయ్ మంచివాడు, వెళ్ళాడు. తన పాస్‌బుక్ తనే పట్టుకెళ్ళాడు కాబట్టి బ్యాంకు వాళ్ళు చీటీ రాసిచ్చారు. ఇప్పుడు ఇంటికొచ్చి ఆ చీటీ చుట్టానికి చూపించాలా?

ఇక్కడ బాబాయ్ మన బ్రౌజర్. చుట్టం అంటే మనం తెరిచిన ఏదో ఒక వెబ్ పేజీలో నడుస్తున్న స్క్రిప్ట్. పాస్‌బుక్ అంటే కుకీ. మనం లాగిన్ అయి ఉన్న ప్రతి సైట్ కుకీ బ్రౌజర్ దగ్గరే ఉంటుంది. ఏ పేజీ అడిగినా బ్రౌజర్ ఆ కుకీ పట్టుకెళ్ళి జవాబు తెచ్చి చూపించేస్తే, క్రికెట్ స్కోర్ కోసం తెరిచిన సైట్ పక్క ట్యాబ్‌లోని మెయిల్ చదివేయగలదు. అలా జరక్కుండా ఉన్న నియమమే సేమ్-ఆరిజిన్ పాలసీ: ఒక ఆరిజిన్‌లో నడిచే స్క్రిప్ట్, ఇంకో ఆరిజిన్ నుంచి వచ్చిన జవాబుని చదవకూడదు.

మరి కోర్స్ ఏంటి? ఆ నియమానికి మినహాయింపు అడిగే పద్ధతి. బ్యాంకు వాళ్ళు కవరు మీద "ఫలానా వాళ్ళకి చూపించొచ్చు" అని రాసిస్తే బాబాయ్ చూపిస్తాడు. ఆ రాతే యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ అనే హెడర్. రాత లేకపోతే చీటీ జేబులోనే ఉండిపోతుంది. అంటే మనం తిట్టే కోర్స్ నిజానికి తలుపు తెరిచే వైపు ఉంది. మూసింది దానికన్నా పాత నియమం.

"మరి పోస్ట్‌మ్యాన్‌లో వస్తుంది కదా, బ్రౌజర్‌లో ఎందుకు రాదు?" అనే ప్రశ్నకి జవాబు కూడా ఇదే. పోస్ట్‌మ్యాన్‌లో రిక్వెస్ట్ కొట్టేది మీరే, చదివేదీ మీరే. మధ్యలో చుట్టం లేడు. ఎవరి పాస్‌బుక్కూ ఇంకెవరి కోసమో వాడటం లేదు. కాబట్టి దాచాల్సిన అవసరమూ లేదు.

ఇంటి నంబర్ ఒకటే అయితే చాలదు

ఆరిజిన్ అంటే మూడు ముక్కలు: స్కీమ్, హోస్ట్, పోర్ట్. మూడూ కలవాలి. హెచ్‌టీటీపీ ఒకటి, హెచ్‌టీటీపీఎస్ ఒకటి అయితే వేరు. లోకల్‌హోస్ట్ 3000, లోకల్‌హోస్ట్ 5000 కూడా వేరు. అందుకే ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే మనిషి రాసిన ఫ్రంటెండ్, బ్యాకెండ్ ఒకదాన్నొకటి పరాయివాళ్ళలా చూసుకుంటాయి. ఇది అతిగా అనిపిస్తుంది. కానీ బ్రౌజర్‌కి మనం ఎవరో తెలీదు, దానికి తెలిసింది ఆ మూడు ముక్కలే.

మన కాలేజీ లాంటి చోట ఇది ఎంత ముఖ్యమో ఒక ఊహా ఉదాహరణతో చెప్తాను. ఒక కాలేజీకి ఒక డొమైన్ ఉంది. దాని కింద ఫెస్ట్ సైట్‌కి ఒక సబ్‌డొమైన్, రిజల్ట్స్ పోర్టల్‌కి ఇంకో సబ్‌డొమైన్. ఫెస్ట్ సైట్ స్టూడెంట్స్ రెండు రాత్రుల్లో రాసింది. రిజల్ట్స్ పోర్టల్‌లో అందరి మార్కులు ఉన్నాయి. "ఇప్పుడు కుకీలకి సేమ్‌సైట్ ఉంది కదా, వేరే సైట్ నుంచి వెళ్ళే రిక్వెస్ట్‌లో కుకీ పోదు" అంటారు తెలిసినవాళ్ళు. నిజమే, 2020 నుంచి క్రోమ్‌లో అదే డిఫాల్ట్. కానీ ఒకే డొమైన్ కింద ఉన్న రెండు సబ్‌డొమైన్లు ఆరిజిన్లుగా వేరైనా, సైట్‌గా ఒకటే. ఫెస్ట్ సైట్‌లోని స్క్రిప్ట్ కోరితే పోర్టల్ కుకీ ఆ రిక్వెస్ట్‌తో పాటు వెళ్ళిపోగలదు. అప్పుడు ఫెస్ట్ సైట్‌లో ఎవరైనా కామెంట్ బాక్స్ ద్వారా స్క్రిప్ట్ దూర్చితే, అందరి మార్కులకీ ఆ దొంగ స్క్రిప్ట్‌కీ మధ్య మిగిలేది మనం రోజూ తిట్టే ఈ నియమం ఒక్కటే. పోర్టల్ రాసినవాళ్ళు "మన సబ్‌డొమైన్లన్నీ మనవే కదా" అని అన్నిటికీ అనుమతి ఇచ్చేసి ఉంటే అదీ మిగలదు.

ఈ నియమం ఆకాశం నుంచి ఊడిపడలేదు

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తయారుచేశాడు. పేజీలో ప్రోగ్రామ్ నడుస్తుందంటే, అది పక్క పేజీలోకి తొంగి చూడొచ్చన్న భయం కూడా అప్పుడే పుట్టింది. నెట్‌స్కేప్ నావిగేటర్ 2 రోజుల నుంచే సేమ్-ఆరిజిన్ ఆలోచన ఉంది. కానీ అప్పటికే వెబ్‌లో కొన్ని అలవాట్లు స్థిరపడిపోయాయి. పరాయి సైట్ బొమ్మని మన పేజీలో పెట్టొచ్చు, పరాయి సైట్‌కి ఫారం పంపొచ్చు. ఆ తర్వాత పరాయి సైట్ స్క్రిప్ట్ తెచ్చి నడపడం కూడా అలవాటైంది. వాటిని ఆపితే వెబ్ ఆగిపోతుంది. అందుకే రాజీ కుదిరింది: చూపించొచ్చు, పంపొచ్చు, నడపొచ్చు, కానీ చదవకూడదు. ఇప్పటికీ పరాయి సైట్ ఫొటోని కాన్వాస్ మీద గీయొచ్చు. గీసిన మరుక్షణం ఆ కాన్వాస్ మైలపడినట్టే. పిక్సెళ్ళు చదవబోతే బ్రౌజర్ ఒప్పుకోదు.

ఆ రాజీలో సందులున్నాయని 2006లో జెరెమియా గ్రాస్‌మన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు చూపించాడు. అప్పట్లో జీమెయిల్ కాంటాక్ట్స్ జాబితా ఒక యూఆర్ఎల్‌లో జావాస్క్రిప్ట్ అరే రూపంలో వచ్చేది. పరాయి పేజీ ఒక స్క్రిప్ట్ ట్యాగ్‌లో ఆ యూఆర్ఎల్ పెడితే చాలు, కుకీతో సహా రిక్వెస్ట్ వెళ్ళేది, జాబితా వచ్చి స్క్రిప్ట్‌లా నడిచేది. పేజీ ముందే అరే కన్‌స్ట్రక్టర్‌ని తనకి కావలసినట్టు మార్చి పెట్టుకుంటే, ఆ పేర్లన్నీ చేతికొచ్చేవి. గూగుల్ దాన్ని సరిచేసింది. కానీ పాఠం మిగిలింది: "నడపొచ్చు కానీ చదవకూడదు" అనే గీత చాలా సన్నది.

తమాషా ఏంటంటే, అంతకు ముందే డెవలపర్లు అదే సందుని కావాలని వాడటం మొదలుపెట్టారు. 2005లో బాబ్ ఇప్పొలిటో జేసన్‌పీ అనే చిట్కా ప్రతిపాదించాడు. డేటాని ఒక ఫంక్షన్ కాల్‌లో చుట్టి స్క్రిప్ట్ ట్యాగ్ ద్వారా తెప్పించుకోవడం. పని జరిగేది. కానీ డేటా ఇచ్చేవాడిని మన పేజీలో ఏ కోడ్ అయినా నడుపుకోనిచ్చినట్టే. ఇలాంటి దొడ్డిదారులు పెరిగాకే, రాజమార్గం ఒకటి ఉండాలని కోర్స్ వచ్చింది. 2014 జనవరిలో డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. ఇప్పుడా నియమాలన్నీ ఫెచ్ స్టాండర్డ్‌లో ఉన్నాయి.

మన వైద్యాలు ఏం చేస్తాయి

ఇప్పుడు గ్రూప్‌లో వచ్చే మందుల్ని ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, నో-కోర్స్ మోడ్. ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ వచ్చే రెస్పాన్స్‌ని ఒపేక్ అంటారు. స్టేటస్ 0, బాడీ ఖాళీ. చదవడం కోసం ఫెచ్ రాసి, "నేను చదవను" అని సంతకం పెట్టడం లాంటిది ఇది. ఎర్రర్ పోయిందన్న సంతోషం తప్ప చేతికి ఏమీ రాదు.

రెండోది, ఎక్స్‌టెన్షన్. అది చేసేది ఒకటే. వచ్చే ప్రతి రెస్పాన్స్ కవరు మీద "అందరికీ చూపించొచ్చు" అని దొంగ రాత రాస్తుంది. అన్ని సైట్లకీ ఆన్‌లో పెట్టి మర్చిపోతే, మీరు తెరిచే పేజీలన్నిటికీ ఆ రాత వర్తిస్తుంది. అసలు అన్ని సైట్ల రెస్పాన్స్‌లనీ మార్చే అధికారం ఎవరో ఊరూపేరూ తెలీనివాళ్ళ ఎక్స్‌టెన్షన్‌కి ఇవ్వడమే పెద్ద విషయం. పైగా సమస్య తీరింది మీ ఒక్క బ్రౌజర్‌లోనే. డెమో రోజు జడ్జిగారి ఫోన్‌లో మళ్ళీ ఎర్ర అక్షరాలే.

మూడోది, ఎవరో నడిపే ఉచిత ప్రాక్సీ. సర్వర్‌కి సర్వర్‌కి మధ్య ఈ నియమం లేదు కాబట్టి పనిచేస్తుంది. కానీ మీ యూజర్ల డేటా మొత్తం ఆ తెలియని మెషీన్ గుండా పోతుంది. పైగా దాని మీద నమ్మకం పెట్టుకోలేం. కోర్స్ ఎనీవేర్ అనే ప్రాజెక్ట్ డెమో సర్వర్‌ని చాలామంది తమ సైట్లకి వాడేసుకునేవారు. 2021 జనవరి 31 నుంచి దాన్ని బాగా పరిమితం చేశారు. అది డెమో అని మొదటి నుంచీ రాసే ఉంది, చదివినవాళ్ళు తక్కువ.

నాలుగోది, స్టార్. దీన్ని నేను పూర్తిగా తిట్టను. డేటా నిజంగా అందరిదీ అయితే స్టార్ సరైన జవాబే. తెలుగు వికీపీడియా ఏపీఐనే చూడండి. యూఆర్ఎల్ చివర ఆరిజిన్ అనే పారామీటర్‌కి స్టార్ ఇస్తే, ఏ సైట్ నుంచైనా చదవనిస్తుంది. కానీ అప్పుడు మీరు వికీపీడియాలో లాగిన్ అయి ఉన్నా, ఆ రిక్వెస్ట్‌ని అజ్ఞాత వ్యక్తి రిక్వెస్ట్‌గానే చూస్తుంది. వ్యాసం అందరిదీ కాబట్టి ఇస్తాం, మీ ఖాతా మీది కాబట్టి ఇవ్వం. ఇంత చక్కగా విడదీసిన ఉదాహరణ ట్యుటోరియల్స్‌లో నాకు కనబడలేదు. మన క్లబ్ సైట్‌లో రోజుకో తెలుగు వ్యాసం చూపించాలంటే ఈ దారి హాయిగా వాడుకోవచ్చు.

అయితే స్టార్‌కి ఒక హద్దు ఉంది. కుకీలతో వెళ్ళిన రిక్వెస్ట్‌కి స్టార్ చెల్లదని బ్రౌజర్ ఖరాఖండీగా చెప్తుంది. ఇక్కడే అసలు ప్రమాదం. అడ్డు తగలగానే మనోళ్ళు "ఏ ఆరిజిన్ నుంచి వస్తే అదే పేరు తిరిగి హెడర్‌లో రాసెయ్, క్రెడెన్షియల్స్ ట్రూ పెట్టెయ్" అనే కోడ్ ఎక్కడి నుంచో తెచ్చి అతికిస్తారు. అంటే వాచ్‌మన్ "మీ పేరేంటి?" అని అడిగి, ఏ పేరు చెప్తే ఆ పేరే లిస్టులో రాసుకుని లోపలికి పంపడం. 2016లో జేమ్స్ కెటిల్ అనే పరిశోధకుడు సరిగ్గా ఈ లోపాన్నే నిజమైన సైట్లలో వెతికి చూపించాడు. వాటిలో బిట్‌కాయిన్ ఎక్స్‌ఛేంజీలు కూడా ఉన్నాయి. ఆ లోపంతో యూజర్ల ఏపీఐ కీలు చదవొచ్చని, అక్కడి నుంచి వాళ్ళ డబ్బు దాకా వెళ్ళొచ్చని చూపించాడు. అందులో గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు. ఎవరో తొందరలో రాసిన రెండు లైన్ల కోడ్, అంతే.

లాగిన్ లేని చోట కూడా స్టార్ ప్రమాదమే కావచ్చు. క్యాంపస్ నెట్‌వర్క్ లోపల మాత్రమే తెరుచుకునే పేజీ ఒకటుందనుకోండి. "బయటివాళ్ళకి రాదు కదా" అని పాస్‌వర్డ్ పెట్టలేదు. కానీ బయటి సైట్‌లోని స్క్రిప్ట్ నడిచేది లోపల కూర్చున్న మీ బ్రౌజర్‌లో. స్టార్ ఉంటే, ఆ స్క్రిప్ట్ మీ చేతులతో ఆ పేజీ తెప్పించుకుని చదివేయగలదు.

నాక్కూడా కొన్ని కంప్లైంట్స్ ఉన్నాయి

కోర్స్ అద్భుతమైన డిజైన్ అని నేను అనను. ఒకటి, ఇది సగం తలుపే. చదవడం ఆపుతుంది, పంపడం ఆపదు. పాత ఫారాలు పంపగలిగిన రకం పోస్ట్ రిక్వెస్ట్ అయితే అడక్కుండానే వెళ్ళిపోతుంది. ఆ రిక్వెస్ట్‌కి సర్వర్ డబ్బు బదిలీ చేసేసిందనుకోండి, జవాబు చదవనివ్వకపోతే ఏం లాభం? దానికి సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్లు, సేమ్‌సైట్ కుకీలు వేరే పెట్టుకోవాలి. కోర్స్ ఉంది కదా అని అవి మానేస్తే మునిగినట్టే. డిలీట్, పుట్, జేసన్ పంపే పోస్ట్ లాంటివాటికి మాత్రం బ్రౌజర్ ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్‌తో సర్వర్‌ని అడుగుతుంది. దీన్నే ప్రీఫ్లైట్ అంటారు. పరాయి సైట్ నుంచి అలాంటివి వస్తాయని పాత సర్వర్లు ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి ఆ జాగ్రత్త. ఇక్కడ అనుమతి రాకపోతే నిజంగానే అసలు రిక్వెస్ట్ బయల్దేరదు.

రెండు, ఇది కొత్తవాళ్ళని బాగా విసిగిస్తుంది. అనుమతి వచ్చిందనుకుంటే, మనం పెట్టుకున్న కస్టమ్ హెడర్ కనపడదు. ఎందుకంటే కంటెంట్-టైప్ లాంటి కొన్ని తప్ప మిగతా హెడర్లు చదవాలంటే ఎక్స్‌పోజ్-హెడర్స్ అని ఇంకో అనుమతి కావాలి. ఫెచ్ విఫలమైతే స్క్రిప్ట్‌కి దొరికేది మొక్కుబడి టైప్ ఎర్రర్. సర్వర్ పడిపోయిందా, అనుమతి లేదా, ఏదీ చెప్పదు. కన్సోల్‌లో మనిషికి చెప్తుంది, కోడ్‌కి చెప్పదు. దీని వెనకా కారణం ఉంది. కారణం స్క్రిప్ట్‌కి తెలిస్తే, మన ఇంటి నెట్‌వర్క్‌లో ఏ అడ్రస్‌లో ఏం ఉందో తడిమి చూడటం సులువైపోతుంది. కారణం ఉన్నా, విసుగు మాత్రం విసుగే.

మూడు, చూపించకుండా జేబులో పెట్టుకోవడం కూడా సరిపోదని 2018 జనవరిలో బయటపడింది. స్పెక్టర్ లోపంతో, ఒకే ప్రాసెస్ మెమరీలో ఉన్న డేటాని అనుమతి లేని కోడ్ కూడా పరోక్షంగా పసిగట్టొచ్చని తేలింది. అంటే చుట్టం బాబాయ్ జేబులోకి తొంగి చూడగలడు. అందుకే అదే ఏడాది క్రోమ్ 67లో సైట్లని వేర్వేరు ప్రాసెస్‌లలో పెట్టడం డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ చేశారు. కొన్ని రకాల పరాయి రెస్పాన్స్‌లని అసలు ఆ గదిలోకే తేకుండా ఆపడం కూడా అప్పుడే మొదలైంది. చదవనివ్వకపోవడం అనే ఒక్క మాట కోసం బ్రౌజర్ కట్టడాన్నే మార్చుకున్నారు. మనం మాత్రం దాన్ని ఒక్క స్టార్‌తో కొట్టిపారేస్తున్నాం.

మరి ఏం చెయ్యాలి?

హెడర్ పెట్టే ముందు ఒక్క ప్రశ్న చాలు: ఈ రెస్పాన్స్‌లో ఎవరి డేటా ఉంది? అందరిదీ అయితే స్టార్ పెట్టండి, కుకీలు వద్దు. ఒక యూజర్‌ది అయితే, చదవాల్సిన ఆరిజిన్ల పేర్లు పూర్తిగా రాసుకుని, అక్షరం పొల్లుపోకుండా పోల్చి, వాటికే ఇవ్వండి. పేరుని బట్టి జవాబు మారుతుంది కాబట్టి, వేరీ హెడర్‌లో ఆరిజిన్ అని రాయడం మర్చిపోకండి, లేకపోతే క్యాష్‌లో ఒకరి అనుమతి ఇంకొకరికి పోతుంది. మీ ఫ్రంటెండ్, మీ బ్యాకెండే అయితే అసలు కోర్స్ అవసరమే లేకుండా చేసుకోవచ్చు. డెవలప్‌మెంట్‌లో డెవ్ సర్వర్ ప్రాక్సీ పెట్టుకుని, హోస్టింగ్‌లో రెండిటినీ ఒకే ఆరిజిన్ కింద ఉంచండి.

ఇంకొకటి మన డిపార్ట్‌మెంట్‌కి నా విన్నపం. వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్‌లో దీనికో ఎక్స్‌పెరిమెంట్ కావాలి. రెండు పోర్ట్‌లలో రెండు చిన్న సర్వర్లు, ఒక లాగిన్ కుకీ. ముందు హెడర్ లేకుండా, తర్వాత స్టార్‌తో, ఆ తర్వాత వచ్చిన పేరే తిప్పి రాసే కోడ్‌తో నడిపి చూడాలి. మూడోసారి పరాయి పేజీ మీ పేరు, మీ మార్కులు మీ కళ్ళ ముందే చదివేస్తుంది. ఒక్క గంట పని. ఫెస్ట్ రిజిస్ట్రేషన్ సైట్ రాసే టీమ్ అయినా ముందు ఆ గంట కూర్చుంటే బాగుంటుంది. ఆ ఫారంలో పేరు, ఫోన్ నంబర్ నింపేవాళ్ళకి ఆరిజిన్ అంటే ఏంటో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వాళ్ళ తరఫున తెలుసుకోవాల్సింది మనమే.